కొండలమీద చిన్న విమానము

మా సీతాఫల్‌మండి మేడలమీద నిలిచినవారికి విమానము వింత కాదు. బేగంపేట విమానాశ్రయము పడమట కొలది దూరముననే యున్నది. 2008 మార్చిలో ప్రయాణికుల విమానములు శంషాబాదునకు తరలిపోయినవి గాని, ప్రత్యేక విమానముల మ్రోత నేటికిని అప్పుడప్పుడు వినవచ్చుచునే యున్నది. అయినను చిన్న విమానము కొండలమీదికి పోయినపుడు అక్కడి గాలి ఎట్లుండునో ఎరిగినవారు మనలో తక్కువ.

ఇప్పుడది మనకు దూరపు సంగతి కాదు. 2024 నవంబరు 9వ తేదీన ట్విన్ ఆటర్ అను చిన్న విమానము విజయవాడ పున్నమిఘాటు వద్ద కృష్ణ నీటిమీదినుండి లేచి, శ్రీశైలము జలాశయములో దిగినది. అది ప్రయోగ ప్రయాణము. ముఖ్యమంత్రి శ్రీ నారా చంద్రబాబు నాయుడు అందులో ప్రయాణించిరి. ఘాటురోడ్డు మలుపులలో కడుపు త్రిప్పించుకొనుచు శ్రీశైలము చేరిన శ్రోతలకు ఆ వార్త ఎంత ముచ్చట గొలిపెనో మేము ఊహింపగలము.

గాలిని ఏటినీటితో పోల్చి చూడుడు. బండ అడ్డమైనచో నీరు దానిమీది కెక్కి, ఆవల పల్లమునకు దూకి, సుడులు తిరుగును గదా! గాలియు అంతే. కొండకు తగిలిన వైపున పైకెక్కును, ఆవలివైపున క్రిందికి జారును. మిక్కిలి ఎత్తున పోవు జెట్ విమానమునకు ఈ బాధ అంతగా లేదు. చిన్న విమానము ఆ జారుడుగాలిలో చిక్కినచో, ఇంజను పూర్తి బలముతో లాగుచున్నను క్రిందికి దిగిపోవచ్చును. అందుచేత నేర్పరియగు పైలట్ కొండవరుసకు సూటిగా ఎదురుపోక, ఏటవాలుగా సమీపించును. గాలి వికటించినచో కొద్దిపాటి మలుపుతో తప్పుకొనవచ్చును. లోయలో నడుమ పోడు, ఒక ప్రక్కను పట్టి పోవును. నడుమ పోయినచో వెనుదిరుగుటకు సగము వెడల్పే మిగులును.

ఎండ ముదిరినకొలది బండలు కాగి గాలి కుదుపు హెచ్చును. వేడిగాలి పలుచన గనుక రెక్కలకు పట్టు తగ్గును. నేపాలులో ఎవరెస్టు దర్శనమునకు పోవు విమానములు ఉదయముననే బయలుదేరుటకు ఇదియు ఒక కారణము.

మబ్బు మాట వేరు. 2009 సెప్టెంబరు 2వ తేదీన ఈ బేగంపేటనుండియే చిత్తూరు జిల్లాకు బయలుదేరిన హెలికాప్టరు నల్లమలలో, పావురాలగుట్ట వద్ద, వానమబ్బుల నడుమ కూలినది. ముఖ్యమంత్రి శ్రీ వై. ఎస్. రాజశేఖర రెడ్డితో సహా అయిదుగురు మరణించిరి. అడవిలో శిథిలములు మరునాటికిగాని కనబడలేదు. హెలికాప్టరు వేరు, విమానము వేరు; కాని కొండలు అవే. కావున పైలట్ "నేడు పోము" అనినపుడు టిక్కెట్టు కొన్నవారు గొణుగుట మాకు వింతగా తోచును.

ఎక్కుటకు ముందు బరువు అడుగుదురు. తగ్గించి చెప్పు అలవాటు ఆడవారిలోను, మగవారిలోను కలదు. ఇచ్చట అది పనికిరాదు. ఎవరు ముందు, ఎవరు వెనుక అను సంగతి ఆ లెక్కనుబట్టియే తేలును.

నీటిమీద దిగుటలో మరొక చిక్కు గలదు. అలలు లేని జలాశయము అద్దమువలె నుండి, తానెంత క్రింద నున్నదో కంటికి తెలియనీయదు. అట్టివేళ పైలట్ ఒడ్డుకు చేరువగా, దానిని ప్రక్కచూపున కనిపెట్టుచు, పడవలవంటి ఫ్లోట్లు నీటికి తగులువరకు ఒకే తీరున మెల్లమెల్లగా దిగుచుండును.