రూపం ఒకటే, అంకెలు వేరు!

కంప్యూటర్‌కు ఆజ్ఞలను బొమ్మల మీద నొక్కి ఇవ్వవచ్చు. అక్షరాలలో టైపు చేసి కూడా ఇవ్వవచ్చు. టైపు చేసిన ఆజ్ఞను చదివి పని చేయించే ప్రోగ్రామును ‘షెల్’ అంటారు. షెల్ అంటే పెంకు. కొబ్బరిని చిప్ప కప్పి ఉన్నట్లు, యంత్రాన్ని నడిపే ముఖ్య ప్రోగ్రామును ఇది కప్పి ఉంటుంది. లినక్స్ కంప్యూటర్లలో తరచుగా కనిపించే ‘బాష్’ అనే షెల్ 1989లో వెలువడింది.

షెల్‌లో ఒక చక్కని సదుపాయముంది. ఫైలు పేరులో మొదటి అక్షరాలు కొట్టి ‘ట్యాబ్’ మీట నొక్కితే, మిగతా పేరును అదే పూరిస్తుంది. ఆ అక్షరాలతో మొదలయ్యే పేరు పట్టికలో ఒక్కటే ఉంటే చాలు. మరి ఇది మొరాయిస్తే?

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఒక విద్యార్థిని వాన కొలతలను రెండు ఫైళ్ళలో దాచిందనుకుందాం. వాటి పేర్లు ‘తార్నాక’, ‘హైదరాబాద్’. రెండూ వేరే కంప్యూటర్ నుండి తెచ్చినవే. ‘తా’ కొట్టి ట్యాబ్ నొక్కగానే ‘తార్నాక’ వచ్చింది. ‘హై’ కొట్టి నొక్కితే ఏమీ రాలేదు! పట్టికలో మాత్రం ‘హైదరాబాద్’ కళ్ళెదుటే ఉంది. ఫైలు పాడయిందనుకొని తుడిచివేస్తే నెలల శ్రమ వృథా అవుతుంది. కాబట్టి ముందు కారణం వెదకాలి.

పరీక్షలు

‘తార్నాక’ వచ్చింది కనుక మీట బాగానే ఉంది. షెల్‌కు తెలుగుతో ఇబ్బంది లేదు. ఇప్పుడు ‘హ’ మాత్రమే కొట్టి ట్యాబ్ నొక్కాలి. పేరంతా వచ్చేసింది! అంటే చిక్కు ‘హ’లో లేదు, దాని ఐత్వంలో ఉంది.

పలక మీద ఐత్వం ఎలా వ్రాస్తాం? పైన ఎత్వం, కింద మరొక గుర్తు. ప్రపంచ లిపుల అక్షరాలకు అంకెలు కేటాయించే ‘యూనికోడ్’లో ఐత్వానికి 3144 అనే ఒకే అంకె ఉంది. అదే ఐత్వాన్ని ఎత్వం (3142), కింది గుర్తు (3158) అని రెండుగా కూడా నమోదు చేయవచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఫైలు పేరులో ఒక్కొక్క తెలుగు గుర్తుకు 3 బైట్లు కావాలి. కనుక మొదటి ‘హై’కి 6 బైట్లు, రెండవదానికి 9. వీటిని ‘ఓడీ’ అనే ఆజ్ఞతో అంకెలుగా చూడవచ్చు. మొదటి ఐదు బైట్లు రెండింటిలోనూ ఒకటే. ఆరవది ఒకచోట 136, మరొకచోట 134. షెల్ పోల్చేది బైట్లనే గాని రూపాన్ని కాదు. అందుకే ‘లేదు’ అనుకుంది.

1998లో ఆపిల్ సంస్థ తెచ్చిన ‘హెచ్.ఎఫ్.ఎస్. ప్లస్’ పద్ధతి పేర్లను ఇలా విడగొట్టి దాచేది. లినక్స్ ఇచ్చిన పేరును ఇచ్చినట్లే ఉంచుతుంది.

చికిత్స

ముందు ఫైలుకు నకలు తీయాలి. తరువాత ‘హ’, ట్యాబ్‌లతో పాత పేరు రప్పించి, ‘ఎం.వి.’ అనే ఆజ్ఞతో కొత్త పేరు టైపు చేసి మార్చాలి. లోపలి కొలతలు చెక్కుచెదరవు.

మీకొక ప్రశ్న: ‘మైదానం’, ‘కొబ్బరి’, ‘తైలం’ – వీటిలో ఈ చిక్కు రాగల పేర్లు ఏవి? ఎందుకు?