తాళం తిరగదు, కారు కదలదు

కారు స్టార్ట్ కాకపోతే మొదటి అనుమానం బ్యాటరీ మీదికే పోతుంది. తాళంచెవి అసలు తిరగకుండా, స్టీరింగ్ కూడా బిగుసుకుపోయి ఉంటే మాత్రం బ్యాటరీ నిర్దోషి. అడ్డంపడింది స్టీరింగ్ లాక్‌లోని చిన్న ఉక్కు బోల్టు.

పాత తరహా కార్లలో తాళంచెవి తీయగానే స్ప్రింగు ఆ బోల్టును స్టీరింగ్ రాడ్డు వైపు నెడుతుంది. స్టీరింగ్ కాస్త తిరిగి గాడి ఎదురుపడితే చాలు, టక్కున అందులో దిగుతుంది. ఇంతవరకు ఇబ్బంది లేదు. పార్క్ చేసినప్పుడు ముందు టైరు ఫుట్‌పాత్ అంచుకు నొక్కుకున్నా, చక్రాలు బాగా తిప్పి ఆపినా చిక్కు మొదలవుతుంది. మెలిపడిన టైరు మామూలు స్థితికి రావాలని రాడ్డును తోస్తూనే ఉంటుంది. ఆ ఒత్తిడంతా బోల్టు పక్క మీద పడుతుంది. అవతల నుంచి ఎవరో తలుపు తోస్తుంటే గడియ తీయలేనట్టే, తాళంచెవి తిప్పే బలం ఆ రాపిడిని గెలవలేదు.

కాబట్టి బలం చూపాల్సింది తాళంచెవి మీద కాదు. స్టీరింగ్‌ను ఒక చేత్తో అటూ ఇటూ ఊపుతూ, రెండో చేత్తో తాళంచెవిని మెత్తగా తిప్పాలి. సాధారణంగా ఒక పక్కకు పిసరంత కదులుతుంది. అటు నెడితే బోల్టు మీది ఒత్తిడి తగ్గుతుంది. మరీ నెడితే గాడి అవతలి గోడకు ఆనుకుంటుంది. ఈ రెంటి మధ్యా ఎక్కడో తాళం తిరుగుతుంది. అయినా తిరగకపోతే అరిగిన తాళంచెవి కారణమేమో! ఇంట్లో ఉన్న రెండోది తెచ్చి చూడాలి. లాక్‌లో నూనె పోస్తే దుమ్ము పట్టి ముద్దవుతుంది. గ్రాఫైట్ పొడి మేలు.

ఈ లాక్ దొంగల కోసం పుట్టింది. 1960ల ఆరంభంలో పశ్చిమ జర్మనీ అన్ని కార్లకూ తప్పనిసరి చేస్తే దొంగతనాలు బాగా తగ్గాయి. బ్రిటన్ 1971 నుంచి కొత్త కార్లకే పెట్టింది. అక్కడి దొంగలు వృత్తి మానలేదు, పాత కార్ల మీద పడ్డారు.

బటన్ నొక్కి స్టార్ట్ చేసే చాలా కార్లలో బోల్టును చిన్న మోటారు కదుపుతుంది. బోల్టు పూర్తిగా వెనక్కి వచ్చిందని లోపలి స్విచ్ చెప్పేదాకా కంప్యూటర్ ఇంజన్‌ను స్టార్ట్ కానివ్వదు. ఇక్కడ మాత్రం బ్యాటరీని అనుమానించాల్సిందే. వోల్టేజి తగ్గితే ఆ మోటారు మొరాయిస్తుంది. 2007లో వచ్చిన మెర్సిడెస్ సి-క్లాస్‌లో ఈ మోటారు అరిగిపోవడం మెకానిక్‌లకు బాగా తెలిసిన జబ్బు. లాక్ మొత్తం మార్చి, కారు తాళానికి మళ్లీ జత చేయించాలి. అంతా సవ్యంగా ఉన్నట్టు కంప్యూటర్‌ను నమ్మించే చవక పరికరాలూ దొరుకుతాయి. వాటితో కారు నడుస్తుంది, దొంగకు అడ్డు మాత్రం పోతుంది.

కంప్యూటర్‌కు అంత పట్టుదల ఎందుకంటే, నడుస్తున్న కారులో ఆ బోల్టు గాడిలో పడితే స్టీరింగ్ ఇక తిరగదు. పాతరకం కారు నడుస్తుండగా ఇంజన్ ఆపేసి, తాళంచెవి లాగేస్తే జరిగేది అదే. పెట్రోలు మిగులుతుందని ఘాట్ రోడ్డు దిగుతూ ఇంజన్ ఆపేవారు ఈ అలవాటు ఇవాళే మానుకోవాలి. తాళంచెవి లాగకపోయినా పవర్ స్టీరింగ్ సాయం పోతుంది, రెండు మూడుసార్లు తొక్కేసరికి బ్రేకు బిరుసెక్కుతుంది. ఇంజన్ నడుస్తుండగా తక్కువ గేరులో దిగడమే క్షేమం.