చెత్తకు నిర్వచనం

ఒక వస్తువు ఎప్పుడు చెత్త అవుతుంది? ‘యజమాని వద్దనుకొన్నప్పుడు’ అని లోకం సమాధానం చెబుతుంది. చట్టం అంతటితో తృప్తి పడదు. పారవేసిన ఆ వస్తువు ఎక్కడికి చేరాలి, దానిని ఎవరు ముట్టుకోవాలి, ఎలా ముట్టుకోవాలి అని కూడా అడుగుతుంది. ఈ ప్రశ్నలకు సమాధానంగానే పురపాలక నియమాలలో చెత్తకు వర్గాలు, నిర్వచనాలు ఏర్పడ్డాయి.

పూర్వం పల్లెలలో ఇటువంటి విభజన అవసరం కలుగలేదు. పేడ, గడ్డి, బూడిద, కూరగాయల తొక్కలు అన్నీ పెంటకుప్పకు చేరేవి. అవి మట్టిలో మాగి, వేసవిలో బండ్లకెక్కి, ఎరువుగా పొలాలకు పోయేవి. నగరాలు పెరిగి ప్లాస్టిక్కు, గాజు, రసాయనాలు, బ్యాటరీలు నిత్యజీవితంలో ప్రవేశించాయి. కుప్ప ఒక్కటే అయినా, అందులోని వస్తువుల స్వభావాలు వేరువేరయ్యాయి.

నగరాల చెత్త సమస్యపై అల్మిత్రా పటేల్ 1996లో సుప్రీంకోర్టును ఆశ్రయించారు. పర్యావరణ పరిరక్షణ చట్టాన్ని అనుసరించి కేంద్ర ప్రభుత్వం 2000లో పురపాలక ఘన వ్యర్థాల నియమాలను ప్రకటించింది. ఇళ్ళనుండి, వాణిజ్య సంస్థలనుండి వెలువడే ఘన, అర్ధఘన వ్యర్థాలను అవి పురపాలక వ్యర్థాలుగా నిర్వచించి, పరిశ్రమల హానికర వ్యర్థాలను మినహాయించాయి. వాటి స్థానంలో వచ్చిన 2016 నియమాలు మరొక అడుగు ముందుకు వేశాయి. జీవవిచ్ఛిన్నమయ్యేవి, కానివి, గృహసంబంధమైన హానికర వ్యర్థాలు అని చెత్తను మూడుగా వేరుచేసి ఇవ్వడం ప్రతి గృహస్థునికీ విధి అయింది.

మొదటి రెండింటినీ మనం తడి చెత్త, పొడి చెత్త అని వ్యవహరిస్తున్నాం. ఈ పేర్లు సులభమైనవే కాని కొంత భ్రమను కలిగిస్తాయి. ఎండిపోయిన పూలదండలో తడి లేకపోయినా అది తడి చెత్తే. సూక్ష్మజీవులు దానిని మట్టిగా మార్చగలవు. వానలో నానిన పాలసంచి పొడి చెత్తే, అది కుళ్ళదు. కాబట్టి పేరులోని తడిని కాక, వస్తువు కుళ్ళే గుణాన్ని చూడాలి.

మూడవ వర్గానికి మరొక కొలత ఉంది. నేతిడబ్బా, పురుగుమందు డబ్బా ఒకే ఇనుముతో తయారు కావచ్చు. మొదటిది పొడి చెత్త, రెండవది హానికర వ్యర్థం. ఇక్కడ వర్గాన్ని నిర్ణయించేది లోహం కాదు, అందులో మిగిలిన విషం. కాలం చెల్లిన మందులు, పగిలిన పాదరసపు థర్మామీటర్లు, ట్యూబులైట్లు, వాడిన సూదులు ఈ కోవలోనివే. ఆసుపత్రుల వ్యర్థాలకు, ఎలక్ట్రానిక్ వ్యర్థాలకు, భవన నిర్మాణ శిథిలాలకు వేరే నియమాలున్నాయి.

వర్గాలు కలిసిపోతే కలిగే నష్టం చిన్నది కాదు. అన్నం మెతుకులు అంటిన కాగితం అమ్మకానికి పనికిరాదు. గాజుపెంకులు కలిసిన తొక్కలు మంచి ఎరువు కావు. గుట్టల అడుగున గాలి సోకకుండా కుళ్ళిన చెత్త మీథేన్ వాయువును వెలువరిస్తుంది. హైదరాబాదు శివారులోని జవహర్‌నగర్‌లో ఏళ్ళ తరబడి కలగలుపుగా పోసిన చెత్త గుట్టలుగా పెరిగింది. దానినుండి ఊరిన మురుగు ద్రవం సమీపంలోని చెరువును కలుషితం చేసింది.

నిర్వచనంలో ఒక మాట మారితే ఏమవుతుందో తెలుసుకోవడానికి చక్కని ఉదాహరణ ఉంది. 2016 నియమాలు శానిటరీ న్యాప్‌కిన్లను, డైపర్లను పొడి చెత్త నిర్వచనంలో చేర్చాయి. పొట్లంగా చుట్టి ఇవ్వాలని చెప్పినా, అవి చేరేది కాగితాలు, సీసాలు ఉండే బుట్టకే. ఆ బుట్టను చేతులతో వేరుచేసే కార్మికులు, చిత్తుకాగితాలు ఏరుకొనేవారు, ఇతరుల రక్తమలినాలను ముట్టుకోవలసి వచ్చేది. 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా నిర్ణయిస్తూ ప్రకటించిన కొత్త నియమాలు చెత్తను నాలుగుగా విభజించాయి: తడి చెత్త, పొడి చెత్త, శానిటరీ వ్యర్థాలు, ప్రత్యేక జాగ్రత్త అవసరమైన వ్యర్థాలు. రంగుడబ్బాలు, బల్బులు, మందులు వంటివి నాలుగవ వర్గంలో ఉన్నాయి. చదివేవారికి ఇది ఒక బుట్ట పెరగడంగానే కనిపించవచ్చు. చెత్త ఏరే చేతులకు మాత్రం అది రోగానికీ ఆరోగ్యానికీ మధ్య గీసిన గీత.

నియమం కాగితంపై ఉన్నంతమాత్రాన ఫలం సిద్ధించదు. సూర్యాపేట పురపాలక సంఘం 2000 దశకపు తొలి సంవత్సరాలలోనే ఇంటింటినుండి తడి, పొడి చెత్తలను వేరుగా సేకరించి దేశం దృష్టిని ఆకర్షించింది. చిన్న పట్టణంలోనూ ఇది సాధ్యమని ఆ ప్రయత్నం చూపింది.

చట్టసభలలో, కార్యాలయాలలో రూపొందిన నిర్వచనం చివరకు అమలయ్యేది మన వంటగదిలోనే. పగిలిన గాజుగ్లాసును కాగితంలో చుట్టి వేరుగా ఉంచేవారు ఆ నియమాన్ని పాటించినవారు మాత్రమే కాదు. తెల్లవారుజామున బండితో వచ్చే కార్మికుని చేతిని కాపాడినవారు కూడా. విద్యార్థులు చెత్తబుట్ట ముందు ఒక్క క్షణం ఆగి ‘ఇది ఏ వర్గానికి చెందుతుంది? దీనిని ఎవరు ముట్టుకొంటారు?’ అని ఆలోచించడం పౌరధర్మానికి తొలిమెట్టు.