కొత్తగా తయారైన ప్రోటీన్లు త్వచంలో ఎలా అమరుతాయి?

8.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• త్వచ ప్రోటీన్ల అమరికలో ఉన్న ఇబ్బంది ఏమిటో చెప్పగలుగుతారు.
• సంకేత పెప్టైడ్, ఎస్‌ఆర్‌పి, సెక్61 ద్వారాల పాత్రను వివరించగలుగుతారు.
• ప్రోటీన్‌లో ఏ కొన కణం వెలుపల ఉంటుందో ఊహించగలుగుతారు.

8.1 పరిచయం

కణత్వచంలో రెండు వరసల ఫాస్ఫోలిపిడ్‌లు ఉంటాయని మీకు తెలుసు. వాటి తలలు నీటిని కోరుకుంటాయి, తోకలు నీటికి దూరంగా లోపలికి తిరిగి ఉంటాయి. అందువల్ల త్వచం మధ్యభాగం సుమారు 3 నానోమీటర్ల మందం గల పలుచని నూనె పొర లాంటిది. త్వచాన్ని దాటే ప్రోటీన్ భాగం సాధారణంగా ఆల్ఫా సర్పిలం రూపంలో ఉంటుంది. సర్పిలంలో ఒక్కో అమైనో ఆమ్లం 0.15 నానోమీటర్ల పొడవును ఇస్తుంది. కాబట్టి ఈ పొరను దాటడానికి దాదాపు 20 జలవిరోధి అమైనో ఆమ్లాలు కావాలి.

ఇప్పుడు చిక్కు చూడండి. ప్రోటీన్‌ను తయారు చేసే రైబోజోమ్ ఉండేది నీటిమయమైన కణద్రవ్యంలో. జలవిరోధి భాగాలు అక్కడ ఎక్కువసేపు ఉంటే ఒకదానికొకటి అతుక్కుని ముద్ద కడతాయి. జలప్రియ భాగాలేమో నూనె పొరను దాటలేవు. ఈ రెండు ఇబ్బందులకూ కణం కనుగొన్న ఉపాయం ఒకటే: చాలా ప్రోటీన్లను తయారు చేస్తూనే త్వచంలో అమర్చడం.

8.2 సంకేత పెప్టైడ్, ఎస్‌ఆర్‌పి

ప్రోటీన్ ఎక్కడికి వెళ్ళాలో తెలిపే చిరునామా దాని గొలుసులోనే ఉంటుందని గుంటర్ బ్లోబెల్, డేవిడ్ సబాటిని 1971లో ప్రతిపాదించారు. 1975లో బ్లోబెల్, డాబర్‌స్టైన్ పరీక్షనాళికలో దీన్ని పరిశీలించారు. ప్రోటీన్ తయారవుతున్న సమయంలో అంతర్జీవద్రవ్యజాలపు త్వచపు ముక్కలు ఉంటే, ప్రోటీన్ వాటి లోపలికి చేరి ప్రోటీన్లను ఛేదించే ఎంజైముల నుంచి రక్షణ పొందింది, దాని మొదటి భాగం కూడా తెగిపోయింది. తయారీ పూర్తయ్యాక త్వచపు ముక్కలు కలిపితే ఈ రెండూ జరగలేదు. ఈ పరిశోధనకు బ్లోబెల్ 1999లో నోబెల్ బహుమతి పొందారు. స్రవించే ప్రోటీన్ల మీద తేలిన ఈ మార్గాన్నే త్వచ ప్రోటీన్లు కూడా వాడుకుంటాయి.

రైబోజోమ్ నుంచి సంకేత పెప్టైడ్ బయటికి రాగానే, సంకేత గుర్తింపు రేణువు (ఎస్‌ఆర్‌పి) దానిని పట్టుకుంటుంది. మన కణాల్లో ఇది 6 ప్రోటీన్లు, సుమారు 300 న్యూక్లియోటైడ్‌లు గల ఒక ఆర్‌ఎన్‌ఏ కలిసిన రేణువు. ఇది అనువాదాన్ని నెమ్మదింపజేసి, రైబోజోమ్‌ను అంతర్జీవద్రవ్యజాలం మీది గ్రాహకం దగ్గరకు చేరుస్తుంది. అక్కడ జీటీపీ విచ్ఛిన్నమయ్యాక ఎస్‌ఆర్‌పి విడిపోతుంది, అనువాదం మళ్ళీ వేగం అందుకుంటుంది.

8.3 రెండు వైపులా తెరుచుకునే ద్వారం

రైబోజోమ్ ఇప్పుడు సెక్61 అనే ద్వారం మీద కూర్చుంటుంది. ఈ ద్వారానికి ఒక ప్రత్యేకత ఉంది. అది నిలువుగా తెరుచుకుంటే గొలుసు లోపలి కుహరంలోకి జారుతుంది. పక్కకు తెరుచుకుంటే లిపిడ్ పొరలోకి దారి ఇస్తుంది. గొలుసులో జలప్రియ భాగం వస్తున్నంతసేపూ అది నిలువుగా సాగిపోతుంది. జలవిరోధి భాగం వచ్చినప్పుడు అది పక్క తలుపు గుండా తనకు అనువైన నూనె పొరలోకి జరిగి అక్కడే నిలిచిపోతుంది. దీన్ని 'బదిలీ నిలుపు క్రమం' అంటాం.

ఎర్రరక్తకణ త్వచంలోని గ్లైకోఫోరిన్-ఎ ఇలా ఒకేసారి త్వచాన్ని దాటుతుంది. కంటిలోని రొడాప్సిన్ 7 సార్లు దాటుతుంది. గుడ్డను కుట్టే సూది దారం లాగా ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి గొలుసు వెళ్ళి వస్తుందని ఊహించుకోండి.

8.4 ఏ కొన ఎటు?

విద్యార్థులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. జలవిరోధి భాగానికి ఇరువైపులా ఉన్న ఆవేశాలను చూడండి. ధనావేశం గల లైసిన్, ఆర్జినిన్‌లు ఎక్కువగా ఉన్న వైపు సాధారణంగా కణద్రవ్యంలోనే మిగులుతుంది. గన్నర్ వాన్ హైన్ 1986లో బాక్టీరియా ప్రోటీన్లలో గుర్తించిన ఈ నియమాన్ని 'ధనావేశం లోపల' నియమం అంటారు.

ఒకసారి కుదిరిన దిశ తరవాత మారదు. అంతర్జీవద్రవ్యజాల కుహరం వైపు ఉన్న భాగం, కోశికలు కణత్వచంతో కలిసినప్పుడు కణం వెలుపలికి వస్తుంది. చక్కెర గొలుసులు చేరేది ప్రధానంగా కుహరం వైపే కాబట్టి, అవి కణం బయటి ముఖం మీదే కనిపిస్తాయి.

8.5 అన్నీ ఈ దారిలో రావు

త్వచాన్ని దాటే భాగం గొలుసు చిట్టచివర ఉంటే, అది రైబోజోమ్ నుంచి వెలువడేసరికే తయారీ ముగిసిపోతుంది. ఎస్‌ఆర్‌పికి సమయం ఉండదు. ఇలాంటి ప్రోటీన్లను తయారీ తరవాత వేరే వాహక ప్రోటీన్లు త్వచానికి చేరుస్తాయి. ఈస్ట్‌లో ఆ పని చేసేది గెట్3. కాబట్టి "త్వచ ప్రోటీన్లన్నీ తయారవుతూనే అమరుతాయి" అని జవాబు రాయకండి.

8.6 పొరపాటు జరిగితే

త్వచంలో చేరితే చాలదు, సరిగా మడత పడాలి కూడా. సీఎఫ్‌టీఆర్ అనే క్లోరైడ్ మార్గం 1480 అమైనో ఆమ్లాల ప్రోటీన్, త్వచాన్ని 12 సార్లు దాటుతుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగుల్లో చాలామందికి 508వ స్థానంలోని ఒకే ఒక్క ఫినైల్ అలనిన్ లోపించి ఉంటుంది. అది త్వచం దాటే భాగంలో లేదు, కణద్రవ్యం వైపు భాగంలో ఉంది. అయినా ప్రోటీన్ సరిగా మడత పడదు. నాణ్యతను పరీక్షించే వ్యవస్థ దాన్ని పట్టుకుని నాశనం చేస్తుంది. ఫలితంగా ఊపిరితిత్తుల్లో శ్లేష్మం చిక్కబడి రోగి ఊపిరికి కష్టపడతాడు. ఆ మడతను సరిచేసి ప్రోటీన్‌ను కణత్వచానికి చేర్చే మందుల కలయిక ఒకటి 2019లో అమెరికాలో ఆమోదం పొందింది. ప్రోటీన్ ఏ దశలో ఆగిపోతుందో తెలిసినందువల్లే అది సాధ్యమైంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఒక ప్రోటీన్‌లోని త్వచం దాటే భాగంలో నాలుగు లూసిన్‌ల స్థానంలో ఆర్జినిన్‌లు వచ్చాయి. ఏమి జరగవచ్చు?

సూచన: ఆర్జినిన్ ధనావేశం కలది. నూనె పొర దాన్ని ఇష్టపడదు. పక్క తలుపు గుండా ఆ భాగం వెళ్ళగలదా? వెళ్ళకపోతే గొలుసు ఎటు సాగుతుంది?