ప్రహేళికలో దాగినదేమిటి?

సంస్కృతంలో ఒక చాటుశ్లోకం ఉంది. కేశవుడు పడిపోవడం చూసి ద్రోణుడు సంతోషించాడట, కౌరవులు ఏడ్చారట. పదో తరగతిలో చెబితే పిల్లలు అడ్డం తిరిగారు. "కౌరవులు ఏడవటమేమిటి మాస్టారూ?"

'కేశవం' అన్నదాన్ని 'కే', 'శవం' అని విరవాలి. 'క' అంటే నీరు. నీటిలో శవం పడింది. ద్రోణుడు బొంతకాకి, కౌరవులు నక్కలు. చిక్కు వీడింది.

ఇలాంటి చిక్కుకు అసలైన చోటు తాళపత్రం. పాత రాతప్రతుల్లో పదానికీ పదానికీ మధ్య ఎడం ఉండదు. అక్షరాలు వరసగా సాగిపోతాయి. ఎక్కడ విరవాలో చదువరే తేల్చుకోవాలి. క్రియాగుప్తమనే రకంలో క్రియాపదం సంధిలో మునిగి ఉంటుంది. జవాబు శ్లోకంలోనే ఉంటే అంతర్లాపం, బయట వెతుక్కోవాల్సివస్తే బహిర్లాపం. ధర్మదాసు 'విదగ్ధముఖమండనం' నాలుగు పరిచ్ఛేదాల నిండా ఇవే. అచ్చులో పదాలు విడదీసి, కింద టీక వేసేసరికి పొడుపూ విప్పూ ఒక్కసారే కళ్లబడతాయి. అలా చదివి, ఇందులో ఏముందని పుస్తకం మూసేసినవాణ్ణే నేనూ.

దండి 'కావ్యాదర్శం' మూడో పరిచ్ఛేదంలో పూర్వాచార్యులు చెప్పిన 16 ప్రహేళికలను వివరించాడు. దోషమున్నవి మరో 14 ఉన్నాయన్నాడు. వీటి ప్రయోజనాలనూ దాచలేదు: గోష్ఠుల్లో వినోదం, జనం మధ్య తెలిసినవాళ్లు రహస్యంగా మాట్లాడుకోవడం, ఎదుటివాణ్ణి తికమకపెట్టడం. మూడోది చదివినప్పుడల్లా మన వచనకవితలు కొన్ని గుర్తొస్తాయి. అయితే ఇదంతా పండితుల కుట్ర అనడం తొందరపాటు. ప్రహేళిక రసానికి అడ్డు, అది అలంకారమే కాదని 14వ శతాబ్దంలో విశ్వనాథుడు 'సాహిత్యదర్పణం'లో తేల్చాడు. ఆ మాట అన్నవాడూ పండితుడే.

నా అభ్యంతరం వేరు. నీళ్లలో దిక్కులేని శవం, ఒడ్డున కాకి, నక్కలు. ఎంత ఘోరమైన దృశ్యం! కవి దాన్ని చూడనే లేదు. భారతంలోని పేర్ల కింద పూడ్చిపెట్టాడు. ఇక్కడ దాగింది వస్తువు కాదు, నిఘంటువు. వెనక బెంచీ కుర్రాడొకడు "ఆ శవం ఎవరిది మాస్టారూ?" అన్నాడు. పిల్లలు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మర్నాడు వాళ్ల చేతే వాళ్ల ఊళ్ల పొడుపుకథలు చెప్పించాను. ఉల్లిపాయ, కవ్వం, తేలు, పొయ్యిమీది కుండ. అన్నీ రోజూ చూసేవే. కొన్ని నాకు విప్పడం చేతకాలేదు. జవాబు చెప్పాక ఏ పిల్లవాడికీ టీక అవసరం పడలేదు.