తోళ్ల బేరగాడి సాక్ష్యం

ఒంగోలుకు ఉత్తరంగా పది మైళ్ల దూరాన, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి అనే గ్రామం వుంది. 1878 జూలై 3వ తేదీన అక్కడి యేట్లో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. తెల్లవారి ఆరు గంటలకు మొదలై, మధ్యాహ్నం ఎండవేళ కాస్త ఆగి, మళ్లీ సాయంత్రం దాకా సాగింది. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని నీళ్లలో నిలబడ్డారు. అమెరికా నుంచి వచ్చిన మిషనరీ జాన్ క్లౌ దొరగారు ఆనాడు ఒక్కరికీ తన చేత్తో బాప్తిస్మం ఇవ్వలేదు.

యీ సంగతి చెప్పగానే పెద్దలు ఒక మాట అంటారు. "ధాత కరువు రోజులు గదా! గంజి పోశారు, మతం ఇచ్చారు" అని. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. తీరా ఆనాటి చరిత్ర చదివితే వ్యవహారం అంత సులువుగా తేలలేదు.

కరువు వచ్చిన మాట నిజమే. క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేట్టు చేసిన మాటా నిజమే. అయితే ఆ కరువు పొడుగునా, సుమారు పదిహేను నెలలు, ఆయన బాప్తిస్మాలు పూర్తిగా ఆపివేశాడు. కూటికోసం వచ్చారన్న మాట పడుతుందేమోనని ఆయన భయం. సహాయం ముగిసింది, యిక మా దగ్గర డబ్బు లేదు, యిళ్లకు పొండి అన్న తరవాతనే ఆ జనం వచ్చి కూర్చున్నారు. కాలువ పనిలో బొబ్బలెక్కిన అరచేతులు చూపించి, మేము అడిగేది డబ్బు కాదు, మళ్లీ పంట పోతే ఎలాగూ చచ్చిపోతాం, క్రైస్తవులుగా చావనివ్వండి అన్నారట.

సరే, ఆ జనానికి క్రీస్తు సంగతి చెప్పిందెవరు? దొర ఒక్కడు, పల్లెలు వందలు. దీనికి జవాబు కావాలంటే పన్నెండేళ్లు వెనక్కు పోవాలి.

ఒంగోలుకు పడమట నలభై మైళ్ల దూరాన తాళ్లకొండపాడులో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ కులస్థుడు వుండేవాడు. తోళ్ల వ్యాపారం చేసేవాడు. మనిషి చిన్ననాటి నుంచీ దేవుణ్ణి వెతికే స్వభావం కలవాడు. ఒక స్త్రీ గురువు దగ్గర రాజయోగం కూడా అభ్యసించాడు. వ్యాపారం మీద ఏలూరు, పాలకొల్లు ప్రాంతాలకు పోయినప్పుడు అక్కడి మిషనరీల బోధ చెవిన బడింది. ఆ మాట మనసులో నాటుకుపోయింది. 1866 మార్చిలో ఆయనా, భార్య నాగమ్మా జ్యూయెట్ దొరగారి చేత బాప్తిస్మం పొందారు. అప్పటికి ఒంగోలులో కాపురముండే మిషనరీయే లేడు. క్లౌ దొర అక్కడికి వచ్చింది ఆ సెప్టెంబరులో.

ఆ మధ్య నెలలే నాకు ఆశ్చర్యం కలిగించేవి. చుట్టూ వున్న పల్లెల్లో తనలాంటి నమ్మకం కలవాడు మరొకడు లేడు. వెనక దొర లేడు, గుడి లేదు, బడి లేదు. పట్నాల్లో చదువుకున్న మనకే కొత్త అభిప్రాయం ఒకటి కలిగితే పెదతండ్రిగారి ముందు నోరెత్తడానికి గుండె దడదడలాడుతుంది. పేరయ్య చెప్పవలసింది తన బావమరుదులకు, మేనమామలకు, కులపెద్దలకు. కొత్తవాళ్లకు చెప్పటం తేలిక. నవ్వితే మరునాడు వాళ్ల మొహం చూడనక్కరలేదు. చుట్టాల సంగతి అలా కాదు గదా!

అయినా చెప్పాడు. తోళ్ల కోసం ఏ వూరికి పోతే ఆ వూళ్లో బంధువుల వాకిట్లో కూర్చుని చెప్పాడు. 1867 జనవరిలో క్లౌ దొరగారు తాళ్లకొండపాడు వెళ్లేసరికి, చుట్టుపక్కల పల్లెల నుంచి జనం అన్నం మూటలు, మార్చుకునేందుకు బట్టలు పట్టుకుని వచ్చి చింతతోపులో దిగారు. బాప్తిస్మానికి నీళ్లలో మునగాలని వాళ్లకు ముందే తెలుసునన్నమాట! అయిదు రోజులు కూర్చుని విన్నారు. 28 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు.

వీళ్లు రావటంతో ఒంగోలులో దొరగారికి చిక్కు వచ్చిపడింది. ఆయన బడికి అగ్రకులాల పిల్లలు వస్తున్నారు. మాదిగలను చేర్చుకుంటే మా పిల్లలు రారన్నారు. పేదవాళ్లను కాదనలేక దొరగారు వాళ్లనే చేర్చుకున్నాడు. పెద్దకులాల పిల్లలు బడి మానేశారు.

అసలు కష్టం పల్లెల్లో మొదలయింది. కొత్త క్రైస్తవులకు పెట్టిన నియమాలు మూడు: విగ్రహాలను కొలవరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, ఆదివారం పని చేయరాదు. వినటానికి చిన్నవిగా కనిపిస్తాయి. ఆనాటి గ్రామంలో మాదిగవాడి బ్రతుకు ఎలా అల్లుకుని వుండేదో తెలిసినవారికి ఇవి ఎంతటివో అర్థమవుతాయి. పోలేరమ్మ కొలుపు వస్తే డప్పు కొట్టవలసింది అతడే. రైతు గొడ్డు చస్తే తీసుకుపోయేది అతడే. తోలూ, మాంసమూ అతడి హక్కు. మోట తోలుబొక్కెన తెగితే ఆదివారమైనా సరే కుట్టి పెట్టాలి, లేకపోతే రైతు మడి ఎండుతుంది. యీ చాకిరీకి బదులుగా కళ్లంలో ఇంత ధాన్యం కొలుస్తారు.

యిప్పుడతడు డప్పు కొట్టనన్నాడు. కొలుపు ఆగితే వూరికి అరిష్టమని ఊరివారి భయం. ఆ భయాన్ని మనం తీసిపారేయగూడదు, ఆ రోజుల్లో కలరా, మశూచి ఊళ్లను తుడిచిపెట్టేవి. కోపం కోపంగానే బయటికి వచ్చింది. బావుల దగ్గర నీళ్లు కట్టు చేశారు. పనులు మాన్పించారు. లేనిపోని నేరాలు మోపి కచేరీలకు లాగారు.

అంటే నేను క్రైస్తవుణ్ణి అని నోటితో చెప్పక ముందే, డప్పు మూలన పెట్టటంతోనే ఊరంతటికీ చెప్పినట్లయింది. దాచుకుందామన్నా వీలులేని పరిస్థితి. అలా నీళ్లు లేక, కూలి లేక నిలబడ్డవాళ్లే పదేళ్ల తరవాత కాలువ గట్టుమీద మేస్త్రీలుగా, బోధకులుగా కనిపిస్తారు. మధ్యాహ్నం పని ఆపి కూలీలు నీడకు చేరినప్పుడు వాళ్ల మధ్య కూర్చుని తమ కథ చెప్పారు. వినేవాళ్ల పల్లెలూ అలాంటివే, కష్టాలూ అలాంటివే. వెల్లంపల్లి యేట్లో నిలిచిన జనం యెలా వచ్చారో నాకు అర్థమయింది యిక్కడే. 1878 ఆఖరుకు ఆ యేడు బాప్తిస్మాలు 9,606.

యీ కథకు తరువాయి భాగమని చెప్పదగినది వేరొక సంఘంలో, నైజాం రాజ్యంలోని డోర్నకల్లులో జరిగింది. అక్కడికి 1909లో తిరునెల్వేలి నుంచి వచ్చిన అరవ సోదరుడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తెలుగు నేర్చుకుని పల్లెల్లో తిరిగాడు. 1912 డిసెంబరులో ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన మొట్టమొదటి భారతీయుడు ఆయనే. సువార్త చెప్పటం జీతం తీసుకునే ఉపదేశకుడి పని అనే అలవాటు అప్పటికి సంఘాల్లో పాతుకుపోతున్నది. అజరయ్యగారు దాన్ని వొప్పుకోలేదు. బాప్తిస్మం పొందిన కూలివాణ్ణి, కూలిమనిషిని తన తలమీద తనే చెయ్యి పెట్టుకోమనేవారు. నేను బాప్తిస్మం పొందినవాణ్ణి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని చెప్పించేవారు. యేటా ఒక వారం కేటాయించి, చదువు రాని ఆడవారితో సహా అందరినీ గుంపులుగా పక్క ఊళ్లకు పంపేవారు.

గాంధీగారికి యీ మతమార్పిడుల విషయంలో అజరయ్యగారితో గట్టి అభిప్రాయభేదం వుండేది. ఆ వాదం యీనాటికీ తెగలేదు, ఒక వ్యాసంలో తెగేదీ కాదు. ఇక సంఘాల్లో మాల మాదిగ భేదాలు ఊడిపోయాయా అంటే, అదీ లేదు. వేరువేరుగా కూర్చోవాలని పట్టుబట్టినవాళ్లతో బిషప్పుగారే ఎన్నోసార్లు పోట్లాడవలసి వచ్చింది.

కాని 1930 ప్రాంతాల ఒక వింత జరిగింది. తరతరాలుగా మాల మాదిగలచేత చాకిరీ చేయించుకున్న వ్యవసాయ కులాల కుటుంబాలు కొన్ని డోర్నకల్లు మండలంలో తామే వచ్చి బాప్తిస్మం అడిగాయి. కారణం విచారిస్తే, ఏ బోధకుడి ఉపన్యాసమో చెప్పలేదు వాళ్లు. తమ పొలాల్లో పనిచేసే మాలలను, మాదిగలను చూశామన్నారు. తాగుడు మానారు, కొట్లాటలు మానారు, పిల్లల్ని బడికి పంపుతున్నారు, అది చూసి వచ్చామన్నారు.