అడ్రియాల షీల్డు మోసేదెంత, వదిలేదెంత

"సార్, పైన నాలుగొందల మీటర్ల రాయి ఉంటే కింద ఇనుప గొడుగు ఎట్ల ఆపుతది?"

గోదావరిఖనిలో ఇంటర్ పిల్లలకు పాస్కల్ సూత్రం చెబుతుంటే వెనక బెంచీ నుంచి వచ్చిన ప్రశ్న ఇది. అడిగిన పిల్లాడి తండ్రి అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పనిచేస్తాడు. ఇంట్లో షీల్డు అనే ఆ ఇనుప గొడుగు మాట రోజూ వినేవాడికి పుస్తకంలోని హైడ్రాలిక్ జాక్ బొమ్మ చాలలేదు. అప్పటికప్పుడే బోర్డు మీద లెక్క వేశాం. ఒక షీల్డు తన నెత్తిన కాసేది సుమారు పది చదరపు మీటర్ల రూఫ్. ఇసుకరాయి ఘనపు మీటరుకు రెండుంబావు టన్నుల పైనే తూగుతుంది. నాలుగొందల మీటర్ల మందం అంటే ఆ పది చదరపు మీటర్ల మీద తొమ్మిది వేల టన్నులకు పైమాటే. అడ్రియాల షీల్డుకు రెండు కాళ్లు, రెండూ కలిపి సామర్థ్యం 1152 టన్నులు. అంటే మోయాల్సిన దాంట్లో దాదాపు ఎనిమిదో వంతు.

కాబట్టి ఆ ప్రశ్నకు జవాబు: ఆపదు. ఈ యంత్రాన్ని కనిపెట్టినవాళ్ల తెలివంతా ఆ 'ఆపదు'లోనే ఉంది.

ఆ బరువు అసలు ఎక్కడికి పోతుంది? ముందున్న బొగ్గు గోడ మీదికీ, రెండు పక్కల గేట్ రోడ్లు అనే సొరంగాల అవతల వదిలిన బొగ్గు మీదికీ మళ్లుతుంది. వెనక బొగ్గు తీసేసిన ఖాళీలో, అంటే గోఫ్‌లో రాయి కూలి గట్టిపడ్డాక కొంత అది కూడా మోస్తుంది. షీల్డు వంతుకు వచ్చేది పై పొరల నుంచి విడివడి కిందికి దిగాలని చూసే రాయి మాత్రమే. మన ప్రాంతంలో అందరికీ తెలిసిన బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతిలో బొగ్గు స్తంభాలు వదిలి రూఫ్‌ను నిలబెడతారు. లాంగ్‌వాల్‌లో 250 మీటర్ల పొడవున్న బొగ్గు గోడను, అంటే ఫేస్‌ను షేరర్ అనే కోత యంత్రం ఒక కొసనుంచి మరో కొసకు చెక్కుకుంటూ పోతుంది. షీల్డుల వరస ముందుకు జరుగుతుంది. వాటి వెనక రూఫ్‌ను కావాలనే కూలనిస్తారు. కూలకపోతేనే ప్రమాదం. ఆ సంగతికి తర్వాత వస్తాను.

మొదట కాలి సంగతి. పంపు నుంచి వచ్చే ద్రవంలో దాదాపు అంతా నీరే, నూనె కొద్ది శాతం. వాతావరణ పీడనానికి మూడొందల రెట్ల ఒత్తిడితో అది కాలి సిలిండర్లోకి వెళ్లి పైనున్న కెనపీ అనే ఉక్కు కప్పును రూఫ్‌కు అదుముతుంది. వెంటనే ఒక వాల్వు మూసుకుంటుంది. లోపల చిక్కిన నీరు నొక్కుకుపోదు కాబట్టి, రూఫ్ దిగుతున్నకొద్దీ ఒత్తిడి పెరుగుతూ పోతుంది. అలా పెరిగి పెరిగి లోహం చీలే దశకు రాకముందే యీల్డ్ వాల్వు తెరుచుకుంటుంది. ఓ చెంబెడు నీళ్లు చిమ్ముతాయి, కాలు కొన్ని మిల్లీమీటర్లు దిగుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, వాల్వు మళ్లీ మూసుకుంటుంది. దిగినా కాలు బలం పోగొట్టుకోదు. షీల్డుకు అదే 1152 టన్నుల ఎదురుతోపు అలాగే ఉంటుంది.

పాత బాయిల్లో ఈ పని కర్ర ప్రాపులది. విరిగేముందు కర్ర చప్పుడు చేస్తుంది, పెద్ద కార్మికులు ఆ చప్పుడుకే చెవి ఒగ్గి పనిచేసేవారు. కానీ ఒకసారి విరిగిన కర్ర ఇక దేన్నీ మోయదు. వంగిన ఉక్కు ప్రాపూ అంతే. దిగుతూ కూడా మోసే కాలు రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటన్‌లో వచ్చింది. చేసినది విమానాల చక్రాల కాళ్లు తయారుచేసే డౌటీ కంపెనీ. నేల తాకేటప్పుడు విమానం దెబ్బను మింగే ద్రవపు కాలునే వాళ్లు గనిలోకి దించారు.

ఆ తర్వాత కాళ్లకు నడక నేర్పారు. షీల్డు అడుగుభాగానికీ, ఫేస్ ముందున్న కన్వేయర్‌కూ మధ్య ఒక ర్యామ్, అంటే చాచి ముడిచే హైడ్రాలిక్ సిలిండర్, ఉంటుంది. షీల్డు రూఫ్‌కు బిగుసుకుని ఉన్నప్పుడు ర్యామ్ చాస్తే కన్వేయర్ ముందుకు జరుగుతుంది. తర్వాత షీల్డు కాళ్లు కాస్త దించి ర్యామ్ ముడిస్తే, ఈసారి బరువైన కన్వేయర్ కదలకుండా నిలబడి షీల్డును తన దగ్గరికి లాక్కుంటుంది. మళ్లీ కాళ్లు ఎత్తి బిగిస్తారు. దించు, లాగు, ఎత్తు. ఒకదాన్ని ఆసరా చేసుకుని ఇంకొకటి జరుగుతూ 146 షీల్డులు కిలోమీటర్ల కొద్దీ నడుస్తాయి. చక్రం లేదు, పట్టా లేదు.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. తొలి నడిచే సపోర్టులకు నిలువు కాళ్లే ఉండేవి, వాటిని చాక్ అనేవారు. నిలువు బరువు బాగా మోసేవి గానీ, రూఫ్ పక్కకు జరిగితే ఒరిగిపోయేవి. గోఫ్‌లోంచి రాళ్లు దొర్లి లోపలికి వచ్చేవి. వీటికి పోటీగా సోవియట్ గనుల్లో మొదలై జర్మనీలో పదునెక్కినది షీల్డు. దీనికి వెనకవైపు వాలుగా ఉక్కు పలక ఉండి రాళ్లను ఆపుతుంది. మొదటి షీల్డుల్లో ఆ పలక అడుగున ఒకే ఒక్క కీలు. దాంతో చిక్కు వచ్చింది. ఒక కీలు మీద తిరిగే దేని కొస అయినా వృత్తంలోనే తిరగాలి. షీల్డు ఎత్తు మారినప్పుడల్లా కెనపీ కొస బొగ్గు గోడకు దగ్గరగానో దూరంగానో పోయేది. దూరమైనప్పుడు గోడకూ కెనపీకీ మధ్య ఆసరాలేని రూఫ్ మిగులుతుంది. మనుషులూ యంత్రాలూ ఉండేది సరిగ్గా అక్కడే.

పరిష్కారం 18వ శతాబ్దం నుంచి వచ్చింది. ఆవిరి యంత్రంలో పిస్టన్ కడ్డీ నిలువుగానే కదలాలి, అది ఊపే దూలం కొసేమో వృత్తంలో తిరుగుతుంది. 1784లో జేమ్స్ వాట్ కొన్ని కడ్డీలను కీళ్లతో కలిపి, వృత్తంలో తిరిగే కదలికల నుంచే దాదాపు సరళరేఖను రాబట్టాడు. తన ఆవిష్కరణలన్నిటిలో దీన్ని చూసుకునే ఎక్కువ గర్వపడతానని ముసలితనంలో కొడుకుకు రాశాడు. ఆ అమరిక గీసే పూర్తి గీత ఎనిమిది అంకె ఆకారంలో ఉంటుంది. అందులో ఒక ముక్క మాత్రం చూడటానికి నిటారు గీతే. అలాంటి ఎనిమిది ఆకారపు వంపుకు లెమ్నిస్కేట్ అని అంతకు తొంభై ఏళ్ల ముందే గణితవేత్త యాకబ్ బెర్నూలీ పేరు పెట్టాడు. షీల్డు వెనకపలకను అడుగుభాగానికి ఒక కీలుతో కాక రెండు కడ్డీలతో కలిపితే ఆ కుటుంబానికి చెందిన నాలుగు కడ్డీల యంత్రాంగమే తయారవుతుంది. అందులోని నిటారు ముక్కనే వాడుకునేలా కొలతలు కుదిరిస్తే, షీల్డు మీటర్ల కొద్దీ ఎత్తు మారినా కెనపీ కొస దాదాపు నిలువుగానే పైకీ కిందికీ వెళ్తుంది. గోడకు దూరం మారదు. ఆవిరి కాలం నాటి జ్యామితి గోదావరిఖని పక్కన భూమి లోతున మనుషుల తల కాస్తోందంటే నాకు ప్రతిసారీ ఒళ్లు పులకరిస్తుంది.

కాళ్ల లెక్క దగ్గరా వాదం నడిచింది. అడ్రియాలను నడిపే సింగరేణి బొగ్గు గనుల సంస్థలో లాంగ్‌వాల్ 1983లో జీడీకే 7వ గనిలో మొదలైంది. ఇక్కడి పాత సపోర్టులు నాలుగు కాళ్లవి. నాలుగు కాళ్లయితే బలం ఎక్కువ అనిపిస్తుంది. కానీ రూఫ్ బరువు ముందుకు మొగ్గితే వెనక కాళ్లు దాదాపు ఖాళీగా ఉండిపోతాయి. కాగితం మీద ఉన్న బలం రూఫ్‌కు అందదు. రెండు కాళ్ల షీల్డులో కాళ్లు ముందుకు వాలి ఉంటాయి. అవి పైకి ఎత్తడమే కాకుండా కెనపీని బొగ్గు గోడవైపు కూడా కొంత తోస్తాయి. ఆ తోపుకు రూఫ్‌లోని పగుళ్లు మూసుకుని ఉంటాయి. నా ఓటు రెండు కాళ్లకే.

ఇప్పుడు కూలని రూఫ్ సంగతి. మన గోదావరి లోయ బొగ్గు పొరల మీద చాలాచోట్ల మందమైన ఇసుకరాయి ఉంటుంది. షీల్డులు ముందుకు పోయినా అది వెంటనే విరగదు, గోఫ్ మీదికి చొచ్చుకుని వేలాడుతుంది. ఇరవై మీటర్ల మందపు రాయి పదిహేను మీటర్లు వేలాడిందనుకోండి. ఒక్క షీల్డు వెడల్పులోనే, అంటే మీటరూ డెబ్బై ఐదు సెంటీమీటర్లలోనే, పన్నెండు వందల టన్నులు. విరిగేటప్పుడు అది నెమ్మదిగా దిగదు. యీల్డ్ వాల్వు ఎంత వేగంగా నీళ్లు వదలగలదో అంతకన్నా వేగంగా రాయి దిగితే కాళ్లు పగులుతాయి. 1990లో నేటి ఛత్తీస్‌గఢ్‌లోని చుర్చా గనిలో, 1997లో పశ్చిమ బెంగాల్‌లోని కొట్టడీలో లాంగ్‌వాల్ ఫేస్‌లు అలాగే దెబ్బతిన్నాయి. మన దేశంలో లాంగ్‌వాల్ మీద నమ్మకం చాలాకాలం సన్నగిల్లడానికి ఈ రెండూ పెద్ద కారణాలు. ధన్‌బాద్‌లోని కేంద్ర గనుల పరిశోధకులు రాయి బలం, తవ్విన రాతి కోర్ ముక్కల సగటు పొడవు, పొర మందం కలిపి, రూఫ్ ఎంత తేలిగ్గా కూలుతుందో చెప్పే సూచీని తయారుచేశారు. పెద్ద సామర్థ్యపు షీల్డు ఎందుకు కావాలో మన దేశపు రాళ్ల మీదే లెక్కగట్టి చూపారు.

2014లో అడ్రియాలలో ఉత్పత్తి మొదలయ్యేసరికి షీల్డు మోసేదిగానే కాక చెప్పేదిగా కూడా మారింది. ప్రతి షీల్డు కాళ్ల ఒత్తిడినీ సెన్సార్లు నమోదు చేస్తాయి. ఫేస్ పొడవునా ఉన్న షీల్డులను ఒక అక్షం మీద, కాలాన్ని ఇంకో అక్షం మీద పెట్టి ఆ అంకెలకు రంగులు వేస్తే, కొన్ని మీటర్లకోసారి ఎర్రటి పట్టీ వస్తుంది. ఇసుకరాయి వేలాడి, విరిగి, మళ్లీ వేలాడటం మొదలుపెట్టిన గుర్తు అది. వచ్చే పట్టీని ముందే చెప్పగలమా అన్నదే ఇవాళ్టి పరిశోధనలో పెద్ద ప్రశ్న. చైనా విశ్వవిద్యాలయాల్లో న్యూరల్ నెట్‌వర్కులకు ఈ ఒత్తిడి రికార్డులు నేర్పి రాబోయే బరువును అంచనా వేయిస్తున్నారు. ఆస్ట్రేలియాలో సీఎస్‌ఐఆర్‌ఓ విమానాల్లో వాడే తరహా జడత్వ దిక్సూచిని షేరర్‌కు తగిలించి, ఫేస్ వంకర పోకుండా షీల్డులు వాటంతటవే జరిగేలా చేసింది.

షీల్డు కాసేది ఫేస్‌ను మాత్రమే. గేట్ రోడ్లనూ అడ్డదారులనూ బోల్టులే కాయాలి. 2022 మార్చిలో అడ్రియాలలో పైకప్పు కూలి ముగ్గురు చనిపోయారు. కాబట్టి ఒత్తిడి అంకెలు చదివే పరిశోధన ఫేస్ దగ్గరే ఆగకూడదు.

అడ్రియాలకు కూతవేటు దూరంలో, సెంటినరీ కాలనీలో, జేఎన్‌టీయూ మంథని ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. అక్కడ మైనింగ్ చదివే పిల్లల్లో బాయి పని చేసేవాళ్ల బిడ్డలూ ఉన్నారు. 292 కాళ్ల ఒత్తిడి రికార్డులు, ఏ రోజు ఎంత రాయి కూలిందన్న వివరంతో సహా, వాళ్ల ప్రాజెక్టుల కోసం అందుబాటులో పెట్టాలని సింగరేణిని అడుగుతున్నాను. చైనా రాయి మీద నేర్చిన నమూనా గోదావరి ఇసుకరాయికి సరిపోదు. మన రాయి తీరును మన పిల్లలే లెక్కగట్టాలి.